అన్నయ్యకు భయమేసిందని చెప్పు

చెల్లీ, నేను క్షేమమే, కనుబొమలు మాత్రం కాలాయి. నిన్న మధ్యాహ్నం గడ్డిలో పడిన ఒక్క వెల్డింగు రవ్వ, మా ఫైరింజను చేరేలోపే మంటై, గాలికి రోడ్డు దాటేసింది. ముప్పై ఏళ్ల అనుభవమున్న మా డ్రైవరు పెద్దాయనే నన్ను పక్కకు పిలిచాడు. "ఈ గాలికి మన నీళ్లు చాలవురా. కొండ పక్కనున్న మీవాళ్లని ముందు పంపించెయ్" అన్నాడు. శుక్రవారం నుంచి ఎండా గాలీ ఇంకా ముదురుతాయట. కార్డు అందగానే నాన్నను తీసుకుని పిన్ని ఇంటికి వెళ్లిపో. ఆవును వదిలెయ్యకు, తోలుకెళ్లు. పెరట్లో ఎండుకట్టెలు గోడకు దూరంగా వేయించావా? అమ్మ ఫొటో మరవకు. నీకు నా దీవెనలు. నాన్న మొండికేస్తే, అన్నయ్యకు భయమేసిందని చెప్పు. ఆ మాట నా నోట ఆయనెప్పుడూ వినలేదు. వింటే కదులుతాడు.