బియ్యం పిండి అయిన రోజు

టున్‌షీ,
1988 మే 14, శనివారం

అమ్మా,

ఈ ఉదయం నా సాధన సంచి విప్పి చూస్తే బియ్యం లేవు, పిండి ఉంది! మర్దన నేర్చుకోవడానికి ఎనిమిది నెలలుగా నేను వేళ్ళతో ఒత్తుతున్న బియ్యమే!

ఇక్కడ నేను కులాసా. నువ్వూ నాన్నా బాగున్నారనీ, తేయాకు వేయించే పెనాలు రోజంతా వేడిగానే ఉంటున్నాయనీ అనుకుంటున్నాను. కడుపునిండా తింటున్నావా అని అడిగావు. నువ్వు పంపిన ఎండు వెదురు మొలకలు అప్పుడే అయిపోయాయి. మాస్టారు తిడుతున్నారా అన్నావు. రోజూ! కానీ ఆయన దగ్గర ఎన్ని మంచి మాటలో. నిమరడం, పిసకడం, దొర్లించడం, కుదపడం... ఒక్క చేతికి ఇన్ని పనులా అని నోటుబుక్కులో రాసుకుని, అన్నం తింటూ చదువుకుంటున్నాను. నా ప్రశ్నకే నువ్వు జవాబివ్వలేదు. నీ కుడిభుజం ఎలా ఉంది?

బియ్యం పిండి అయితేనే ఇక్కడ మనిషి మీద చెయ్యి వెయ్యనిస్తారు. అందుకే సంచి పట్టుకుని పరుగెత్తాను. షియాంగ్ మాస్టారు చిటికెడు తీసి చూసి, "పిండి ఆడించడానికి మర ఉందిగా, నువ్వెందుకు?" అన్నారు. అయినా పడవ నడిపే బావ్ తాతను నా ముందు కూర్చోబెట్టారు. తాతకు కుడిచెయ్యి భుజం దాటి లేవదు. నొప్పెక్కడని అడిగి, సరిగ్గా అక్కడే బొటనవేలు దింపాను.

"ఓరి నాయనో! పిల్లా, నేనేమన్నా బియ్యం బస్తానా?"

గదంతా నవ్వు. నాకు చెవులు వేడెక్కాయి. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"నొప్పి ఉన్నచోట దూకకు. ముందు చుట్టుపక్కల వాళ్ళను పలకరించు. నీ చేతికి భయపడితే కండ ఇంకా బిగుస్తుంది."

మళ్ళీ మొదలుపెట్టాను. మెడ, వీపు, ఆ తర్వాత రెక్క ఎముక అంచు. దాని కింద గోలీకాయంత ముడి తగిలింది. తాత ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెం ఒత్తాను. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి అది నా వేలి కింద కరిగిపోయింది! తాత చెయ్యెత్తి గోడ గడియారం చూపిస్తూ, "పదకొండయింది, ఆకలేస్తోంది, వదులు తల్లీ" అన్నాడు. చెయ్యి తల దాటి లేచిందని ఆయన గమనించనే లేదు. నేను గంతేశాను!

అమ్మా, ఆ సంతోషంలోనే ఒకటి గుచ్చుకుంది. పోయిన నెల చింగ్‌మింగ్ పండక్కి ఇంటికి వచ్చినప్పుడు, నా చదువు చూపించుకోవాలని, నువ్వు నొప్పి అన్నచోటే బలమంతా పెట్టి ఒత్తాను. హాయిగా ఉందన్నావు. మర్నాడు నువ్వు పెనంలో ఆకును ఎడమచేత్తో కలుపుతున్నావు. చూశాను. చూడనట్టు బస్సెక్కేశాను. నీ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎడమచేత్తోనే రాశావు కదూ? నీ భుజాన్ని పాడుచేసింది నేనే.

మాస్టారికి అంతా చెప్పాను. "మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?" అన్నారు.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరుతో పంపిస్తున్నాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకు నేనే వస్తున్నాను. అప్పటిదాకా పెనం కింద నిప్పు పెట్టకు. వేడినీళ్ళు మాత్రం కాచి ఉంచు. ముందు మెడ, తర్వాత వీపు. నువ్వు సరేనంటేనే భుజం. నొప్పి పుడితే వెనకతోటలో ఉన్న నాన్న పరుగెత్తుకొచ్చేలా కేకపెట్టు.

ఇట్లు,
నీ రెండో అమ్మాయి
రుయ్‌షియా