గుంటలో కలిపిన గౌరమ్మ

పొద్దున మీరు "బిందూ, మస్తు కప్పపిల్లలైనయ్, జల్ది రా!" అని పెరట్లోంచి కేకేసినప్పుడు నేను గంతులేశాను కదండీ. ఇప్పుడు మీకు మొహం చూపించలేక ఈ చీటీ రాసిపెట్టి, ట్యూషన్లు చెప్పడానికి గంట ముందే వెళ్తున్నాను.

ముందు బకెట్టు నీడలోకి జరపండి. బతికిన కప్పపిల్లలన్నీ అందులోనే ఉన్నాయి.

మంగళగౌరి పూజయ్యాక పసుపు గౌరమ్మను ఎక్కడ కలపాలా అని చూసి, మనం తవ్వుకున్న గుంట ఉందిగా అని మురిసిపోయి, కుంకుమతో సహా అందులోనే కలిపేశాను. అందులోని కప్పపిల్లల సంగతే మరిచాను. సగం చచ్చి తేలిపోయాయి. "కప్పపిల్లలకు గూడ నలుగు పెట్టినవా బిడ్డా!" అని అత్తయ్య నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

తిట్టండి, కానీ మాట్లాడటం మానకండి.

ఒకదానికి వెనక కాళ్లొచ్చాయి, చూడండి! రేపు పొద్దున్నే ఇద్దరం గుంట తోడేసి, డాబా మీది వాననీళ్లు పోద్దాం.