జగదాంబ చేతులు విడిపించమని

సీతారాండేరా, జంషెడ్‌పూర్
12 నవంబరు 1979

తెలుగు పాఠశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడో తరగతి చదువుతున్న నా మనుమరాలు జగదాంబను తమ పరీక్షలో బల్ల మీద వేళ్లతో తట్టుకోనివ్వమని కోరుట గురించి.

1. హెడ్మాస్టరు గణపతిరావు గారు వాచకం తలకిందులుగా పట్టించి పిల్లను చదవమన్నారు. అది తడుముకోకుండా అప్పజెప్పింది. అంతా కంఠస్థమే. తరగతి నవ్వింది. ఆయన చదివిన పుస్తకాలకన్నా విరగ్గొట్టిన బెత్తాలే ఎక్కువని మనవి.

2. మాటను ముక్కలుగా వినడం రానిదే అక్షరం దేనికి అతుకుతుంది? ఐదు నెలలు పుస్తకం మూసి చప్పుళ్లే నేర్పాను. "కమలలో మొదటి చప్పుడు తీసెయ్. ఏం మిగిలింది?" "మల!" చప్పుడుకొక తట్టు. ఇప్పుడు ఎన్నడూ చూడని మాటను కూడా తట్టుకుంటూ చదువుతోంది. బడిలో అది అల్లరట. చేతులు తొడల కింద పెట్టించి కూర్చోబెడుతున్నారు. అలా కూర్చుంటే దానికి నోరు పెగలదు. అడగబోతే హెడ్మాస్టరు గారు, "తాతగారూ, పిడకలు కొట్టడం నేర్పండి, చేతులు బాగానే ఆడతన్నాయి" అన్నారు.

3. గురువారం తమ ఎదుట చదవకపోతే పేరు కొట్టేస్తారట. నాకు భయంగా ఉందయ్యా. దీని తండ్రి ఆదిబాబుకూ ఇదే ఇబ్బంది ఉండేది. ఇంటినిండా పుస్తకాలున్న నేను అది మొండితనమనుకున్నాను. తొమ్మిదో ఏట పలక వాడి తల మీద బద్దలుకొట్టాను. వాడు మళ్లీ పలక ముట్టలేదు. ఇప్పుడు ఒక కార్ఖానాలో ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలి. గ్యాస్ ఉన్నచోట కట్టే హెచ్చరిక బోర్డును రంగు చూసి గుర్తుపడతాడు. మొన్న ఆ రంగు మార్చారు. తోటివాడు కాలరు పట్టి లాగాడు కాబట్టి ఇంటికొచ్చాడు. సైరను మోగితే నాకు ముద్ద దిగదు. తప్పు వాడిది కాదు, నాది. ఈ మాట వాడికి ఇంతవరకూ చెప్పలేదు.

4. కావున, గురువారం నాడు ఆ పిల్ల చేతులు బల్ల మీద ఉండేలా ఉత్తరువిచ్చి, ఆ తరువాతే దాని చదువును చిత్తగించవలెను.

తమ విధేయుడు, భయస్తుడు
నీలకంఠం

తా.క.: అర్జీకి తండ్రి వేలిముద్ర ఉండాలట. ఆదిబాబు డ్యూటీ దిగి వచ్చి, "ఏటి రాసినావు నాన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా జగదాంబ కాగితం లాక్కుని, "రుకో నాన్నా, మై పఢూఁగీ, నేనే చదువుతా" అని తట్టడం మొదలుపెట్టింది. మూడో అంశం దగ్గర ఆపుదామనుకున్నాను. చదువుతున్న పిల్లను ఎలా ఆపను? ప, ల, క అని మూడుసార్లు తట్టింది. వాడి చెయ్యి తల మీదికి పోయింది. ఆ చెయ్యి దించకుండానే, "ఇంకోపాలి సదువమ్మా" అన్నాడు.

అర్జీ దాని చేతిలోనే ఉంది గనుక ఇది వేరే చీటీ మీద రాస్తున్నాను. మన్నించాలి. వాడింకా నా వైపు చూడలేదు. వేలిముద్రా పడలేదు. ఇది తమకు అందిందంటే, పడిందన్నమాట.