గిరిజ వాటా

మంగళవారం, పుంగనూరు

గిరిజ నాతోపాటు మదనపల్లెకు కోచింగ్‌కి వచ్చే రోజుల్లో ఇంగ్లీషు పుస్తకాన్ని పంచుకుని చదివేవాళ్ళం. ‘గెట్’తో వచ్చే మాటలన్నీ నావి, ‘లుక్’, ‘టేక్’తో వచ్చేవి తనవి. తిరుగు బస్సు పుంగనూరు చేరేలోగా ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. పెళ్ళయి కుప్పం వెళ్ళాక తను పుస్తకమే ముట్టలేదట.

ఈ సాయంత్రం ఫోన్ చేసి, నీ వాటాలో ‘లుక్’ మాటలు నాకు రావు, పరీక్ష దగ్గరికొచ్చేసింది అన్నాను.

"ఇన్నాళ్ళూ ఏం జేస్తాండావు మే?" అని తిట్టి, ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర మొదలుపెట్టింది. నడుమ కుక్కర్ కూసినా ఆపలేదు. ఎన్నాళ్ళకు విన్నాను ఆ పాత గొంతు! ఒకచోట మరిచిపోయి తడుముకుంటే, నోటిదాకా వచ్చిన జవాబును మింగేశాను.

అవన్నీ నాకు ఎప్పటినుంచో కంఠతా వచ్చు.

రేపు ‘టేక్’ కూడా రాదని చెప్పాలి.