వెనక కాళ్లు లేని కుర్చీ

1961 మార్చి, మంగళవారం, చీరాల

పత్తి జిన్నింగు మిల్లులో పారేసిన ఇనప పైపును, ముందు కాళ్లు రెండే నేల మీద వెనక్కి సాగి బరువు మోసేలా వంచి, పాత మిషను బెల్టులు అల్లి చేసిన కుర్చీలో ఇవాళ అమ్మను కూర్చోబెట్టాను.

"వెనక కాళ్లేవిరా దీనికి? నన్ను పడేస్తావా ఏంటి?" అంది. కూర్చున్నాక మెల్లగా ఊగి చూసి నవ్వింది. మోకాళ్లు పాడై మగ్గం మానేశాక అమ్మ నవ్వగా చూడలేదు.

నా పనితనానికి నేనే మురిసిపోతూ కిందికి చూశాను. నేలకు అందని అమ్మ పాదాలు ఒకటి మార్చి ఒకటి గాల్లో తొక్కుతున్నాయి, మగ్గం గుంటలో చెక్కలు తొక్కినట్టే. ఆ సంగతి అమ్మకు తెలియనే తెలియదు.

ముందు కుర్చీ ఎత్తు తగ్గిద్దామనుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. కింద రెండు చెక్కలు బిగిస్తాను, తేలిగ్గా కదిలేవి. చూసి ఏడుస్తుందో ఏమో... అయినా బిగిస్తాను.