చిల్లులు పూడ్చిన స్కార్ఫు

చెల్లెమ్మకు,

ప్రభువు శాంతి నీకు తోడుండాలి. నాకైతే లేదు.

నాన్నను సమాధి చేసిన రోజున మనిద్దరికీ మాటలు తెగిపోయాయి. మళ్ళీ కలుస్తాయేమోనని, ఊరంతటికీ వాక్యం చెప్పే నేను నోరు మూసుకుని అల్లిక సూదులు పట్టాను. నీకోసం అల్లి పంపిన అది నా మొదటి లేసు స్కార్ఫు. నువ్వు దాని చిల్లులన్నీ దారంతో పూడ్చి, "ఎలకలు కొట్టింది పంపావేంటి అన్నయ్యా? బాగుచేశాలే, నువ్వే కప్పుకో" అని తిప్పి పంపావు.

ఆ చిల్లులే లేసు, తల్లీ! ఒక్కొక్కటీ కావాలని విడిచిందే. ప్రభువు అంగీని సిలువ దగ్గర సైనికులు కూడా పాడుచేయలేదు. వాళ్ళు నీకంటే నయం.

నీ కుట్లు విప్పబోతే నా అల్లిక తెగుతోంది. ఆదివారం దాన్నే మెడకు చుట్టుకుని క్షమాపణ మీద ప్రసంగించాను. వెచ్చగానే ఉంది. అదే నా మంట.

అన్నయ్య