బెల్టు లేని చక్రం

ప్రియమైన నాన్నకి,

నేను హాస్టల్లో క్షేమం. మేం తీసిన ఫోటోలు కడిగించి తెచ్చారు. మా పదో తరగతి మొత్తానికి ఉన్నది ఒక్క కెమెరా. వారానికొకరం ఇంటికి తీసుకెళ్ళి, తలా ఒక్క ఫోటో తీశాం. ఇప్పుడు ఫోటో టీచరు అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతోంది: "తీసేటప్పుడు నువ్వు చూడనిది ఇందులో ఏముంది?" జవాబు ఒక పేజీ రాసి, క్లాసులో నిలబడి చదవాలి. రాయడం సరే. నిలబడటమే కష్టం.

డాక్టరుగారమ్మాయి వాళ్ళ పిల్లిని తీసింది. పిల్లి వెనక గోడ మీద పెన్సిలు గీతలు పడ్డాయి. చిన్నప్పుడు తన ఎత్తూ అక్క ఎత్తూ కొలిచి గీసినవట. అక్క గీతలు ఒకచోట ఆగిపోయాయి. అంతే చదివి కూర్చుంది. తర్వాతి అమ్మాయి భోజనాల గదిని తీసి, "నేను చూడనిదేమీ లేదండీ, అన్నీ చూసే తీశాను" అంది. ఆమెను రెండు పేజీలు రాయమన్నారు.

నా ఫోటోలో నువ్వు నోటు పుస్తకాల కార్ఖానాలో, గీతలు గీసే యంత్రం ముందు, చేతిలో కాగితంతో ఉన్నావు. కెమెరా వైపు చూడలేదు. కింద మూలకేసి చూస్తున్నావు. ఆ మూలలో నల్లటి మరక ఒకటి పడింది. కెమెరా పట్టీ అడ్డం వచ్చుంటుందని టీచరు అంది. "మీ నాన్నగారికి సిగ్గా?" అని కూడా అడిగింది. నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందన్నాను. అందరూ నవ్వారు.

ఫోటోకి "పని చేస్తున్న మా నాన్న" అని పేరు పెట్టాను. ఒక కాపీ ఇందులో పంపుతున్నాను. నేను చూడనిది ఏమిటో ఇంకా దొరకలేదు. అమ్మని అడిగానని చెప్పు.

నీ కూతురు


చిరంజీవి పుస్తకాలపురుగుకి,

దీవెనలు. నాకు సిగ్గని ఊరంతా చాటావన్నమాట. కానీలే. మీ టీచరుకి చెప్పు, మా ఇంట్లో సిగ్గుపడేవాళ్ళం ఇద్దరమే, మీ అమ్మ మా ఇద్దరి తరఫునా మాట్లాడేస్తుందని.

ఫోటో అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. బాగా వచ్చిందంది. తర్వాత పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళింది. ఏమీ మాడలేదు.

చూడనిది దొరక్కపోతే ఉన్నదే రాయి. వేళకి తిను.

నాన్న


ప్రియమైన నాన్నకి,

ఉత్తరం అందింది. గీతలు లేని కాగితం మీద రాశావు. ఇన్నేళ్ళూ నీ ఉత్తరాలన్నీ గీతలు వంకరపోయి పక్కన పడేసిన కాగితాల మీదే వచ్చేవి. నా పక్క మంచం అమ్మాయి "మీ నాన్న ఉత్తరాలు చదువుతుంటే పడవెక్కినట్టుంటుందే" అనేది.

మా క్లాసులో ఒకమ్మాయిని పిండిమర అంటాం. వాళ్ళకి పిండిమర ఉంది. ఆమెకి కోపం రాదు. నా ఫోటో చూసి అర నిమిషంలో తేల్చేసింది.

"మీ నాన్న పని చెయ్యట్లేదే. ఫోజు పెట్టాడు."

"నీకెలా తెలుసు?"

"చక్రానికి బెల్టేదీ? బెల్టు లేకుండా యంత్రం తిరుగుతుందా? అదుగో, తీసి మేకుకి తగిలించాడు."

"ఆ వేళ కరెంటు లేదు. నాన్నే చెప్పాడు."

"కరెంటు లేని గదిలో బల్బు ఎలా వెలుగుతోందే తల్లీ?"

చూశాను. నీ తల వెనక బల్బు వెలుగుతోంది. తీసేటప్పుడు నేను నీ ముఖం ఒక్కటే చూశాను.

నాన్నా, ఆ రోజు యంత్రం నడవడం లేదా? నడవకపోతే ఎన్నాళ్ళ నుంచి?

నీ కూతురు


చిరంజీవికి,

పాతికేళ్ళుగా యంత్రం ముందు నిలబడుతున్నాను. మీ పిండిమర పిల్ల నన్ను పరీక్ష చెయ్యాలా? ఆ ఫోటో వద్దులే. ఇంకోటి తియ్యి. చెట్టునో పుట్టనో తీసుకో. పరీక్షలు దగ్గరికొచ్చాయి, చదువు మీద ధ్యాస పెట్టు.

నాన్న


ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం కూడా తెల్ల కాగితం మీదే వచ్చింది. అడిగినదానికి జవాబు లేదు. కాబట్టి నేనే రాస్తున్నాను.

నీకు పని పోయింది. నేను ఫోటో తీస్తానంటే, ఒక్క గంట నిలబడనిమ్మని యజమానిని అడిగి ఉంటావు. అందుకే అమ్మ నన్ను భోజనాల వేళకే పంపింది. ఎవరూ లేని గదిలో ఆగిన యంత్రం ముందు నిలబడి, నా కోసం కాగితం పట్టుకున్నావు. నాకు కోపం లేదు.

ప్రిన్సిపాల్ సిస్టర్‌ని కలిశాను. పరీక్షలయ్యాక ఇంటికి వచ్చేస్తానని, పై తరగతిలో చేరనని చెప్పాను. మన వీధి చివర మందుల దుకాణంలో చీటీలు రాసే మనిషి కావాలని బోర్డు ఉండేది. నా దస్తూరి బాగుంటుంది కదా. "మీ నాన్నగారి సంతకం లేనిదే ఒప్పుకోను" అన్నారు సిస్టర్. ఆ కాగితం ఇందులో పెట్టాను. సంతకం చేసి పంపు.

క్లాసులో నా వంతు వచ్చింది. రాయలేదన్నాను. సోమవారం దాకా గడువిచ్చారు.

నీ కూతురు


నా పిచ్చితల్లికి,

నువ్వు పంపిన కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది. దాని మీదే రాస్తున్నాను. ఇక ఇది సంతకానికి పనికిరాదు.

నాకు పని పోలేదు. ఇవాళ కూడా యంత్రం దగ్గర్నుంచే వచ్చాను. వేళ్ళకి సిరా ఇంకా వదల్లేదు, అంచు మీద మరక చూడు. నెలన్నర కింద యంత్రానికి కొత్త పెన్నులు బిగించారు. గీతలు వంకరపోవడం మానేశాయి. పనికిరాని కాగితాలు లేవు, అందుకే తెల్లవి కొన్నాను. యంత్రం బాగుపడి నా పరువు తీసింది.

బెల్టు నేనే తీశాను. కరెంటు లేదని అబద్ధం చెప్పాను. ఎందుకో చెప్పనని మీ అమ్మకి మాటిచ్చాను. నీ ఉత్తరం చదివి తనే "ఇక చెప్పెయ్" అంది.

నీకు రెండేళ్ళప్పుడు మీ అమ్మ కూడా అక్కడే పుస్తకాలు కుట్టేది. నువ్వు కాగితపు ముక్కల బుట్టలో పడుకునేదానివి. అప్పట్లో అమ్మకి మోకాళ్ళ దాకా జడ. ఒకరోజు జారిన కాగితం తియ్యడానికి యంత్రం పక్కన వంగింది. జడ బెల్టులో పడింది. నా చేతిలో కాగితాలు కోసే కత్తి ఉంది కాబట్టి సరిపోయింది. జడని మెడ దగ్గరికి కోసేశాను. చెవి వెనక కుట్లు పడ్డాయి. జ్వరం వచ్చి జుట్టు ఊడిందని నీకు చెప్పింది. నాన్న పని చేసే చోటంటే నీకు భయం పుట్టకూడదని.

ఆ రోజు నుంచీ ఇంటివాళ్ళెవరైనా ఆ గదిలోకి వస్తే నా చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోతుంది. నువ్వు కెమెరాలోంచి చూస్తూ ముందుకు వంగావు. నీ జడ భుజం మీంచి జారి ముందుకు పడింది. బెల్టు తీసే ఉందని తెలుసు. అయినా నా కళ్ళు నీ జడ మీంచి కదల్లేదు.

నాన్న

నేను అమ్మని. మందుల దుకాణంలో మనిషి ఎప్పుడో దొరికాడు. ఇది చదివి జడ కత్తిరించుకున్నావో, ఊరుకోను. పిండిమర పిల్లని సెలవులకి తీసుకురా, అంత చూపున్న పిల్లని చూడాలి.


ప్రియమైన నాన్నకి, అమ్మకి,

సిస్టర్‌కి కాగితం వెనక్కివ్వలేనన్నాను. ఎందుకని అడిగారు. నాన్న దాని మీద ఉత్తరం రాశాడన్నాను. సరే, వెళ్ళి చదువుకో అన్నారు.

సోమవారం చదివాను. నిలబడే చదివాను. పేజీ నిండలేదు. నకలు పంపుతున్నాను:

"ఈ ఫోటోలో కింద మూల ఉన్న నల్లటి మరక కెమెరా పట్టీ కాదు. మన కెమెరా పట్టీ గోధుమరంగు. అది నా జడ చివర. తీసేటప్పుడు నేను చూడలేదు. మా నాన్న చూశాడు. ఫోటో పేరు మార్చాను: పని ఆపిన మా నాన్న."

పిండిమర ఒక్కతే చప్పట్లు కొట్టింది. తర్వాత నా వెనక బెంచీలోంచి వంగి, నా జడ తీసి జాగ్రత్తగా వీపు మీదికి వేసింది.

మీ కూతురు